మామ ఎవరికి ఏమవుతాడు?

జార్జియాలో పసివాడు ‘మామా’ అని చేతులు చాస్తే వచ్చి ఎత్తుకునేది వాడి కన్నతండ్రి. అమ్మ కావాలంటే ‘దేదా’ అనాలి. ఆ దేశపు రాజధాని ట్బిలిసిలో కొండమీద 20 మీటర్ల ఎత్తు అల్యూమినియం విగ్రహం ఒకటుంది. మొదట 1958లో నిలబెట్టారు. ఒక చేతిలో ద్రాక్షసారాయి గిన్నె, ఇంకో చేతిలో కత్తి. చుట్టపుచూపుగా వచ్చినవాడికి గిన్నె, దండెత్తి వచ్చినవాడికి కత్తి అన్నమాట. దాని పేరు ‘కార్ట్లిస్ దేద’, అంటే జార్జియా తల్లి. మాతృభాషను వాళ్లు ‘దేద ఏన’ అంటారు. ఇయాకోబ్ గోగెబష్విలి 1876లో తెచ్చిన పిల్లల వాచకం పేరు కూడా అదే. చర్చిలో పరలోక ప్రార్థన ‘మామావో’ అన్న పిలుపుతో మొదలవుతుంది. పూజారినీ అలాగే పిలుస్తారు.

మనకిది వింతగా వినిపిస్తుంది. మన మామ అమ్మకు తోడబుట్టినవాడు, లేదంటే పిల్లనిచ్చినవాడు. చైనాలో అదే మాటకు అర్థం అమ్మ. చైనా లిపిలో ఆ అక్షరాన్ని చూస్తే ఎడమవైపు ‘స్త్రీ’ గుర్తు, కుడివైపు ‘గుర్రం’ గుర్తు కనిపిస్తాయి. తల్లి పక్కన గుర్రమేమిటని కంగారు పడనక్కర్లేదు. చైనీస్‌లో గుర్రాన్ని కూడా ‘మా’ అనే అంటారు, గొంతు ఎత్తుపల్లాల్లోనే తేడా. అక్షరాన్ని ఎలా పలకాలో చెప్పడానికి తప్ప ఆ గుర్రానికి అక్కడ వేరే పనిలేదు. రష్యన్లకూ, తూర్పు ఆఫ్రికా స్వాహిలీ భాషవాళ్లకూ, దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో కెచువా మాట్లాడేవాళ్లకూ ‘మామ’ అంటే అమ్మే. ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో పిట్జంట్జాట్జరా భాష మాట్లాడే ఆదివాసులకు మాత్రం, జార్జియావాళ్లకు మల్లే, నాన్న. తుర్కీలో ‘మామ’ మనిషే కాదు, పసిపిల్లలకు పెట్టే మెత్తని తిండి. లాటిన్‌లో ‘మమ్మ’ అంటే పాలిచ్చే రొమ్ము. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో జంతువులను వర్గీకరిస్తూ, అంతకుముందు ‘నాలుగు కాళ్లవి’ అని పిలిచిన వర్గానికి ఈ మాటనుంచే ‘మమ్మాలియా’ అని కొత్తపేరు పెట్టాడు. మనం క్షీరదాలంటాం. తిమింగలమూ గబ్బిలమూ మనమూ ఒక గూటికి చేరింది ఆ పేరు కిందే.

అమ్మ, నాన్న, అమ్మ తమ్ముడు, ఉగ్గు, రొమ్ము. ఇన్ని చోట్ల ఇదే ధ్వని వినబడుతుంటే, అన్ని భాషలూ ఒక్క మూలం నుంచే వచ్చాయని చెప్పాలని నాలుక దురద పెడుతుంది. ఆ దురద కొత్తదేం కాదు. తెలుగు మాటలు పది, సుమేరియన్ మాటలు పది పక్కపక్కన పేర్చి చుట్టరికం తేల్చేసిన పుస్తకాలు మన గ్రంథాలయాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. అమెరికాలో మెరిట్ రూలెన్, జాన్ బెంగ్ట్‌సన్ 1994లో ఏకంగా 27 ‘ప్రపంచ ధాతువులు’ ప్రకటించారు, అన్నీ ఆదిమానవుడి నోటినుంచి మనదాకా వచ్చినవేనన్నారు. భాషాశాస్త్రజ్ఞుల్లో చాలామంది ఒప్పుకోలేదు. వాళ్ల అభ్యంతరం సూటిగా ఉంటుంది: పోలిక కనబడటానికి చుట్టరికం అక్కర్లేదు.

ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో ఒకప్పుడు మబారం అనే ఆదివాసీ భాష ఉండేది. 1960లలో ఆర్.ఎం.డబ్ల్యు. డిక్సన్ అనే భాషాశాస్త్రవేత్త ఆ భాషను గుర్తుపెట్టుకున్న వృద్ధుడి దగ్గర కూర్చుని మాటలు రాసుకుంటున్నాడు. కుక్కను ఏమంటారని అడిగితే ‘డాగ్’ అన్నాడాయన. ఇంగ్లీషు మాట కలిపేశాడేమోనని డిక్సన్ అనుమానం. తర్వాత చుట్టుపక్కల భాషలను పట్టిచూస్తే సంగతి బయటపడింది. పొరుగున యిడిన్ భాషలో కుక్క ‘గుడగ’. మబారంలో మాటల మొదటి అక్షరం రాలిపోవడం, మిగిలిన అచ్చులు మారడం మామూలే. ఆ దారిలో నడిస్తే ‘గుడగ’ సహజంగానే ‘డాగ్’ దగ్గర తేలుతుంది. ఇంగ్లీషు కుక్కకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

అంత దూరం పోవడం దేనికి, మన ‘నీ’ చాలు. చైనీస్‌లో ‘నీవు’ అనాలంటే ‘నీ’. నన్నడిగితే మామ కంటే ఇదే పెద్ద వల. ధ్వని ఒకటే, అర్థమూ ఒకటే, మాట్లాడుకునే ప్రతి వాక్యంలోనూ తగిలేంత వాడుక మాట. అయినా మన ‘నీ’ ద్రావిడ కుటుంబంలో తమిళ, కన్నడ, గోండి భాషలతో పంచుకున్నది. వాళ్ల ‘నీ’ చైనా భాష లోపలే మరో రూపం నుంచి అరిగి వచ్చింది. ప్రపంచంలో దాదాపు 7000 భాషలున్నాయి. ఒక హల్లూ ఒక అచ్చూ కలిపి పలికే తేలికైన అక్షరాలు ఏ భాషలోనైనా కొన్ని వందలకు మించవు. ఒక్కో భాషకు వేల మాటలు కావాలి. ఇన్ని భాషలు ఆ కొద్దిపాటి అక్షరాల్లోంచే ఏరుకుంటుంటే మాటలు ఒకదానికొకటి గుద్దుకోకుండా ఉంటేనే ఆశ్చర్యపడాలి.

మరి చుట్టరికం తేల్చేదెలా? ఒక్క మాటను చూసి కాదు, మాటల వరసను చూసి. తెలుగువాడు బెంగళూరు వెళ్లి వారం ఉంటే ఎవరూ చెప్పకుండానే ఈ వరస పట్టేస్తాడు. మన పాలు అక్కడ హాలు, పులి హులి, పండు హణ్ణు, పల్లు హల్లు, పాము హావు. మాట మొదట మనకు ‘ప’ ఉన్నచోట వాళ్లకు ‘హ’. పాత కన్నడ శాసనాలు చదివితే అక్కడా ‘ప’నే కనిపిస్తుంది. కాలక్రమంలో అది ‘హ’ అయింది. ఇలా ఒక ధ్వని ఒక భాషలో దాదాపు అన్నిచోట్లా ఒకే తీరుగా మారితే దాన్ని ధ్వనిసూత్రం అంటారు. మద్రాసు కలెక్టర్‌గా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన వ్యాసంలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ తమిళ కన్నడాలతో కలిసినదనీ వాదించాడు. అందుకు ఆయన ఎత్తిచూపింది ఒకటో రెండో వింత మాటలు కాదు, ధాతువుల పట్టికలు. సంస్కృతానికీ ఇంగ్లీషుకూ ఉన్న చుట్టరికమూ ఇదే పద్ధతిలో తేలింది. పితృ-ఫాదర్, పాదం-ఫుట్, పంచ-ఫైవ్. ‘ప’కు ‘ఫ’ వరసగా పడుతుంది.

కన్నడంలో ‘ప’ పోయి ‘హ’ వచ్చినట్టే జపానులోనూ జరిగింది, ‘ఫ’ మీదుగా. ఇప్పుడు జపాను భాషలో అమ్మను ‘హహ’ అంటారు. వెయ్యేళ్లకు పైగా వెనక్కి వెళితే ఆ మాట ‘పప’. సగం ప్రపంచం తండ్రికిచ్చిన పేరును జపాను వాళ్లు తల్లికిచ్చారు! మధ్యలో కొన్ని శతాబ్దాలు అది ‘ఫఫ’గా ఉండేది. దీనికి ఒక చక్కని సాక్ష్యం పదహారో శతాబ్దం నాటి పొడుపుకథల సంకలనంలో దొరికింది. అమ్మకోసమైతే రెండుసార్లు కలుస్తాయి, నాన్నకోసం ఒక్కసారీ కలవవు, ఏమిటవి అని దాని భావం. విప్పితే పెదవులు. నాన్నను జపానులో ‘చిచి’ అంటారు, పెదవుల ప్రమేయమే లేదు. ఇప్పటి ‘హహ’కూ పెదవులు కలవవు. కాబట్టి ఆ పొడుపుకథ పుట్టిన రోజుల్లో జనం ‘హహ’ అనేవాళ్లు కాదు, రెండుసార్లు పెదవులు దగ్గరికి తెచ్చి ‘ఫఫ’ అనేవాళ్లు. నాలుగైదు వందల ఏళ్ల కిందటి గొంతును వినిపించే పొడుపుకథలు ఎన్నుంటాయి చెప్పండి!

ఇక్కడే ఒక చిక్కు. జపాను ‘హహ’ పద్ధతిగా సూత్రం ప్రకారం నడిచింది గానీ, పిల్లల మాటలు చాలావరకు అలా నడవవు. జపానులోనే ఇప్పుడు చిన్నపిల్లలు అమ్మను ‘మామ’ అనీ నాన్నను ‘పాపా’ అనీ పిలుస్తారు, అవి బయటినుంచి తెచ్చుకున్నవి. ఐరోపాలో నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్పు గోథిక్ భాషలోకి బైబిలును తర్జుమా చేశాడు. ఇంగ్లీషు ఫాదర్‌కు దగ్గరి చుట్టం ‘ఫదర్’ అనే మాట ఆ భాషలో ఉంది. మిగిలిన ప్రతిలో అది కనిపించేది ఒక్కటంటే ఒక్కచోట. తక్కిన అన్నిచోట్లా తండ్రికి ఆయన వాడిన మాట ‘అత్త’! పరలోక ప్రార్థన మొదటి మాటే అది. తుర్కీలో ‘అత’ అంటే తండ్రి, పెద్ద. ముస్తఫా కెమాల్‌కు 1934లో ఇచ్చిన ఇంటిపేరు అతాతుర్క్‌లో ఉన్నదదే. ఇక ‘ఫదర్’ కనిపించే ఆ ఒక్క చోటా దాని పక్కన ఉన్న మాట అరమాయిక్ భాషలో తండ్రిని పిలిచే ‘అబ్బా’. మన చర్చిల్లో వినబడేదీ, ఊళ్లో ‘వాళ్లబ్బ సొమ్ము’ అన్నప్పుడు వినబడేదీ ఒకే ధ్వని, ఒకే అర్థం, అయినా పుట్టుక వేరు. తుర్కీవాళ్లు తల్లిని ‘అన్నె’ అంటారు. అత్త తండ్రయి, అన్న తల్లయ్యే ఈ లోకంలో చుట్టరికాలు కలుపుకుంటూ పోతే ఎక్కడ ఆగుతామో చెప్పలేం.

ధ్వనిసూత్రాలు వీటిని ఎందుకు పట్టుకోలేవంటే, ఇవి ఒక తరం నుంచి ఇంకో తరానికి అరుగుతూ వచ్చేవి కావు. ప్రతి ఊయలలోనూ మళ్లీ కొత్తగా పుడతాయి. ఆరేడు నెలలు నిండేసరికి బిడ్డ ‘మమమ’, ‘బబబ’, ‘దదద’ అనడం మొదలుపెడుతుంది. నోరు తెరిస్తే ‘అ’. పెదవులు మూసి తెరిస్తే ‘మ’ గానీ ‘బ’ గానీ. మూసినప్పుడు గాలి ముక్కులోంచి పోతే ‘మ’, పోకపోతే ‘బ’. పసివాడి నోటికి ఇంతకంటే సులువైన పని లేదు. ర, ష, ళ లాంటివి రావడానికి ఏళ్లు పడుతుంది. పైగా పెదవుల కదలిక ఎదుటివాళ్ల ముఖంలో బిడ్డకు కళ్లెదుటే కనబడుతుంది.

రష్యాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ దీనిమీద 1960లో ఒక వ్యాసం అచ్చువేశాడు. అందులో ఆయన గమనింపు ఒకటి నాకు ఎంతో ఇష్టం. పాలు తాగుతున్న బిడ్డకు నోరు ఖాళీ లేదు. పెదవులు మూసుకుని ఉన్నాయి. ఆ స్థితిలో రాగల శబ్దం ముక్కులోంచి వచ్చే మూలుగు ఒక్కటే. తర్వాత రొమ్ము కనబడినా, పాలు గుర్తొచ్చినా, పాలిచ్చే మనిషి గదిలోకి వచ్చినా ఆ మూలుగే వస్తుంది. దానికి నోరు తెరిచిన అచ్చు తగిలితే ‘మ’. అంటే మొదట్లో ఆ ధ్వనికి అర్థం అమ్మ కాదు, ‘కావాలి’. తిండి కావాలి, ఎత్తుకోవాలి, అదేదో ఇటివ్వాలి. తుర్కీ ‘మామ’ తిండి కావడం, జపాను పిల్లల ‘మమ్మ’, కొరియా పిల్లల ‘మమ్మ’, మన తల్లులు గోరుముద్దలు పెడుతూ అనే ‘మమ్ము’, అన్నీ తిండే కావడం అందుకే అబ్బురం కాదు. లాటిన్‌లో అది రొమ్మయిందీ ఇందుకే.

యాకబ్సన్ ముందు అంకెలు కూడా ఉన్నాయి. జార్జ్ పీటర్ మర్డాక్ అనే మానవశాస్త్రవేత్త లోకమంతటి నుంచీ తల్లికి 531 మాటలు, తండ్రికి 541 మాటలు, మొత్తం 1072 పోగుచేసి పెట్టాడు. తల్లిని పిలిచే మాటల్లో మ, న లాంటి అనునాసికాలు ఉన్నవి దాదాపు 55 శాతం. తండ్రి మాటల్లో 15 శాతమే. తండ్రులకు ఎక్కువగా ప, బ, త, ద దక్కాయి. తెలుగుది తమాషా. అమ్మ ఆ 55 శాతంలో బుద్ధిగా కూర్చుంది. నాన్న, నాయన మాత్రం వెళ్లి ఆ 15 శాతంలో చేరారు. మనకు ‘పాప’ ఉంది గానీ తండ్రికివ్వలేదు, ఉయ్యాలలో ఉన్నదానికే ఇచ్చేశాం. ‘తాత’ రొమేనియాలోనూ పోలండులోనూ తండ్రయితే, మనం ఒక తరం పైకి జరిపాం. సంస్కృతంలో ‘తాత’ తండ్రే. అక్కడ ముచ్చటగా కొడుకునూ అలాగే పిలిచేవారు.

యాకబ్సన్ చెప్పినదానికి నేను కొంచెం బరువు పెంచి చెబుతాను. ధ్వని బిడ్డది, అర్థం ఇంటివాళ్లది. ఏడు నెలల బిడ్డ గోడకేసి చూస్తూ ‘మమమ’ అంటుంది. అది ఎవరినీ పిలవడం లేదు. పక్కనున్న పెద్దవాళ్లు మాత్రం ఊరుకోరు. ‘అదిగో, నన్నే పిలుస్తోంది’ అని ఎవరో ఒకరు పలుకుతారు. పలికినవాళ్లు నవ్వి ఎత్తుకుంటారు కాబట్టి బిడ్డ మళ్లీ అంటుంది, ఈసారి వాళ్లను చూసి అంటుంది. అలా పత్తాలేని ధ్వనికి ఒక చిరునామా ఏర్పడుతుంది. ట్బిలిసిలో ఆ చిరునామా తండ్రిది, బీజింగులో తల్లిది. బంధువుల మధ్య ఎవరి చోటు ఎక్కడో ప్రతి సమాజమూ ముందే గీసిపెట్టుకుంటుంది, ధ్వని వచ్చి అందులో పడుతుంది.

మనం గీసుకున్న గీత ఎలాంటిదో చూడాలంటే మామను కాస్త దగ్గరగా చూడాలి. తల్లి సోదరుడు మేనమామ. మేనత్త మొగుడూ మామే. పెళ్లయ్యాక భార్య తండ్రి, భర్త తండ్రి మామగారు. ఇంగ్లీషువాడికి ఇవన్నీ వేర్వేరు బంధుత్వాలు. ఒక్క మాట ఎలా సరిపోతుందని అడుగుతాడు. మేనరికం ఉన్న ఇంట్లో ఆ ప్రశ్నే పుట్టదు. మేనమామ కూతుర్ని చేసుకుంటే మేనమామే పిల్లనిచ్చిన మామ. మేనత్త కూతుర్ని చేసుకుంటే మేనత్త మొగుడే పిల్లనిచ్చిన మామ. పెళ్లితో కొత్త చుట్టరికమేమీ రాదు, పాతదే ఇంకాస్త గట్టిపడుతుంది. అక్క కూతుర్ని చేసుకునే ఆచారం ఉన్నచోట మేనమామే మొగుడవుతాడు. కోస్తా పల్లెల్లో ఆడపిల్ల నోట వినిపించే ‘మావా’లో ఆ వాసన ఇంకా ఉంది. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకునేదీ, పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటలదాకా తెచ్చేదీ మేనమామే. హైదరాబాదు కుర్రాళ్లు ఒకర్నొకరు ‘ఏం మామా’ అనుకోవడంలో ఈ లెక్కలేవీ లేవు. అది చనువుకు మిగిలిన పిలుపు.

హిందీలో మామా ఉన్నాడు, బెంగాలీలోనూ ఉన్నాడు. అక్కడ తల్లి సోదరుడు మాత్రమే. పిల్లనిచ్చినవాడికి హిందీలో ‘ససుర్’ అని వేరే మాట. ఉత్తరాదిన హిందువుల్లో చాలామంది తల్లివైపు దగ్గరి బంధువులతో వియ్యమందరు, అందుకని ఆ రెండు బంధాలూ ఒక మనిషిలో కలవవు. ఆకాశంలో మాత్రం అందరిదీ ఒకే వరస. చంద్రుడు అక్కడా మామే, ఇక్కడా మామే. లక్ష్మీ చంద్రుడూ పాలకడలిలోంచి పుట్టిన తోబుట్టువులు, లక్ష్మి మనకు తల్లి, కాబట్టి చంద్రుడు మేనమామ అని పెద్దలు సమర్థించేవారు. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసు నుంచి పిల్లల పత్రిక మొదలుపెడుతూ ‘చందమామ’ అని పేరు పెట్టుకున్నప్పుడు ఎవరికీ అర్థం విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఈ మాట మననుంచి వాళ్లకు వెళ్లిందా, వాళ్లనుంచి మనకు వచ్చిందా? బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఈ మాటకు చోటుంది. టర్నర్ కూర్చిన ఇండో-ఆర్య భాషల నిఘంటువులోనూ ఉంది. సంస్కృతానికి మేనమామ కోసం ‘మాతుల’ అని తల్లి మాటనుంచి పుట్టిన తన సొంత పదం ఉంది. ఆ పక్కనే ‘మామ’ కూడా వాడుకలో కనిపిస్తుంది కనుక అది ద్రావిడం నుంచి తీసుకున్నదే అనాలని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. కానీ తీర్పు చెప్పడానికి ధ్వనిసూత్రం కావాలి. ఊయలలో పుట్టే మాటల దగ్గర ఆ సూత్రమే పనిచేయదు.

మాటల పోలికే కాదు, చుట్టరికపు పద్ధతుల పోలిక కూడా ఇలాగే బోల్తా కొట్టిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే వకీలు ఉండేవాడు. పక్కనే నివసించే సెనెకా తెగవాళ్లు తండ్రి సోదరుణ్ని కూడా తండ్రి అనీ, తల్లి అక్కచెల్లెళ్లను కూడా తల్లి అనీ పిలుస్తారనీ, తల్లి సోదరుణ్ని మాత్రం విడిగా పెడతారనీ గమనించి ఆశ్చర్యపోయాడు. మనకు అందులో ఆశ్చర్యమేముంది? పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, చిన్నమ్మ, విడిగా మేనమామ. మోర్గాన్ ప్రశ్నల పట్టికలు అచ్చువేసి లోకమంతా పంపాడు. తమిళదేశంలో పనిచేస్తున్న మిషనరీ నుంచి జవాబు వచ్చి, సెనెకాల పద్ధతే అక్కడా కనబడేసరికి ఆయన ఆనందానికి మేర లేదు. 1871లో అచ్చయిన ఆయన మహాగ్రంథంలో తమిళ, తెలుగు, కన్నడ బంధువాచకాలు వరసగా ఉన్నాయి. అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వచ్చారనడానికి ఇదే రుజువని ఆయన తేల్చాడు. వాళ్లు ఆసియా నుంచి వచ్చిన మాట నిజమే. ఈ రుజువు మాత్రం నిలబడలేదు, ఎందుకంటే అటువంటి పద్ధతులు సంబంధంలేని జాతుల్లో వేర్వేరుగా తయారవుతూనే ఉంటాయి. పైగా సెనెకాలకు మేనరికం లేదు. వాళ్ల భాషలో తల్లి సోదరుడికి ఒక మాట, పిల్లనిచ్చినవాడికి ఇంకొక మాట. తెలుగువాడు ఒకే మామను చూసేచోట వాళ్లు ఇద్దరు మనుషులను చూస్తారు. ఆ రెండు గళ్లూ మోర్గాన్ పట్టికలోనే ఉన్నాయి.